ఒడిలో చేట, చేతిలో సిక్ సర్టిఫికెట్

జబ్బు లేకపోయినా ఉన్నట్టు నటించి సెలవు పుచ్చుకునే మహానుభావులు ప్రతి కంపెనీలోనూ ఉంటారు. మా కంపెనీలోనూ ఉన్నారు. సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి తెచ్చుకునేవాళ్లు, జాతర దగ్గరపడిందంటే ఎప్పుడో పోయిన అమ్మమ్మను మళ్లీ ఒకసారి చంపుకునేవాళ్లు. వాళ్ల నటనకు నేనెప్పుడూ రెండు చేతులెత్తి మొక్కుతాను. నా నటన వేరే రకం. నాకు నిజంగానే జబ్బు చేసింది. డాక్టరు నిజంగానే సెలవు రాశాడు. బీమా వాళ్లు నిజంగానే డబ్బులివ్వడానికి ఒప్పుకున్నారు. ఇన్ని నిజాలు ఒకేసారి వచ్చిపడితే మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. అందుకని నాలుగు వారాలపాటు నేను ఒళ్లు బాగున్నట్టు, పని చేస్తున్నట్టు నటించాను.

మా ఊరు మడకశిర నుంచి బస్సులో అరగంట. నేను బట్టల కంపెనీలో పన్నెండేళ్లుగా టైలర్ని. టైలర్ అనగానే ఊళ్లో వాళ్లు జాకెట్టు గుడ్డలు పట్టుకొచ్చేవాళ్లు. నాకు జాకెట్టు కుట్టడం రాదని చెబితే నమ్మేవాళ్లు కాదు. నేను కుట్టేది కాలరు. పన్నెండేళ్లలో కాలరు తప్ప ఇంకేమీ కుట్టలేదు. ఎన్ని వేల మంది మెడలు నా చేతిమీదుగా నిలబడ్డాయో తెలియదు గానీ, ఒక్క చొక్కా మొత్తంగా కుట్టిన పాపాన పోలేదు. మా లైను ముందు ఒక బోర్డు ఉంటుంది, గంటకు ఎన్ని ముక్కలు కావాలో, ఎన్ని అయ్యాయో రాయడానికి. ఆ బోర్డు వంక చూస్తూ, వంగి కుడుతూ, నడుం అనేది ఒకటి ఉందన్న సంగతే మర్చిపోయాను. అది మాత్రం నన్ను మర్చిపోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టారు. అందరూ లేచారు. నేనూ లేచాను గానీ సగమే లేచాను. మిగతా సగం స్టూలు మీదే ఉండిపోయినట్టు నడుం దగ్గర పట్టేసింది. మా సూపర్‌వైజరు పిల్లవాడు, మీసం కూడా సరిగ్గా రానివాడు, నా దగ్గరికొచ్చి మిషను కింద వెతకడం మొదలుపెట్టాడు.

"ఏమక్కా, అట్లే వంగినావు? సూది పడిపోయిందా?"

"సూది కాదప్పా, నడుం పడిపోయింది. కనపడితే తీసియ్యి," అన్నాను.

అతను నవ్వాడు. నేను కూడా నవ్వాలనుకున్నాను గానీ నవ్వితే ఇంకా నొప్పిగా ఉంది. ఇద్దరు ఆడవాళ్లు చెరో చంక పట్టుకుని కంపెనీ బండి ఎక్కించారు.

టౌనులో కార్మికుల బీమా ఆసుపత్రి ఉంది. నెలనెలా మా జీతంలోంచి కాస్త ముక్క కోసి ఆ బీమాకు కడతారు. ఎప్పుడైనా జబ్బు చేసి పనికి పోలేకపోతే, అక్కడి డాక్టరు కాగితం రాసిస్తే, ఆ రోజులకు జీతంలో మూడొంతుల కంటే కాస్త తక్కువ మన బ్యాంకులో వేస్తారు. పన్నెండేళ్లు కట్టాను, జ్వరమొచ్చినా మాత్ర మింగి పనికే పోయాను. డాక్టరు ఫోటోలు తీయించి, వెన్నుపూసల మధ్య ఉండే మెత్త పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందని చెప్పాడు. ఆరు వారాలు పడుకోమన్నాడు. వంగొద్దు, బరువెత్తొద్దు, ముఖ్యంగా కూర్చోవద్దు, కూర్చుంటే పడుకున్నదంతా వృథా అన్నాడు. అన్నీ చెప్పి, వారానికొకసారి వచ్చి కాగితం కొత్తది రాయించుకోమన్నాడు. అంటే వారంలో ఆరు రోజులు కదలకుండా పడుకుని, ఏడో రోజు రెండు బస్సులు మారి, గుంతలన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చి, నేను కదలలేనని చూపించుకోవాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు గానీ, ఇక్కడ పూజారి కూడా ఇచ్చాడు, కాకపోతే వారం వారం వచ్చి అడగమన్నాడు.

కాగితం తీసుకెళ్లి కంపెనీ ఆఫీసులో ఇస్తే, అక్కడి పెద్దమనిషి దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. దొంగ నోటేమోనని అనుమానం.

"చూడమ్మా, ఈ కాగితం ఉన్నన్ని దినాలు నీ ఉద్యోగం యాడికీ పోదు. కాగితం లేకుండా పది దినాలు రాకపోతే మాత్రం పేరు కొట్టేస్తాం. ఇంగోటి, ఈ దినాల్లో యాడా ఏ పనీ చేయకూడదు. చేసినావని తెలిస్తే బీమా వాళ్లు దుడ్లు నిలిపేస్తారు, మేము నిన్ను నిలిపేస్తాం," అన్నాడు.

ఏ పనీ చేయకూడదు అన్న ఆ మాట విని నాకు నవ్వొచ్చింది. లేవలేనిదాన్ని, ఏం పని చేస్తాను? అప్పుడు నేను మా అత్తను లెక్కలోకి తీసుకోలేదు.

మా అత్త గురించి చెప్పాలి. అరవై దాటి ఎన్నేళ్లయిందో ఆమెకూ తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ కూలిపనే. కలుపు తీసింది, కాయలు పీకింది, చెరువుకట్టకు మట్టి మోసింది, ప్రభుత్వం వారి ఉపాధి పనికి, అంటే మా ఊళ్లో ఇప్పటికీ అందరూ అనే కరువు పనికి, ఎండాకాలమంతా పోయేది. మా ఆయన బెంగుళూరులో తాపీ పని. పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు, పని ఉంటే డబ్బులుంటాయి, లేకపోతే ఆయన ఒక్కడే ఉంటాడు. కాబట్టి ఇంట్లో నెల తిరిగేసరికి ఖాయంగా వచ్చేది నా జీతమే. ఆ ఉద్యోగం పోతే నా వయసులో, ఈ నడుంతో, ఇంకో కంపెనీ గేటు దగ్గర కూడా నిలబడనివ్వరు. ఆ సంగతి నాకు తెలుసు, మా అత్తకు ఇంకా బాగా తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సెలవు సంగతి చెప్పిన రోజు ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"పని చేయకపోతే దుడ్లెవురిస్తారే? సిగ్గు లేకుండా చెప్తాండావు."

"బీమా వాళ్లిస్తారత్తా. ఇన్నేండ్లు నా జీతంలో పట్టుకున్నారు కదా."

"పట్టుకున్నోళ్లు యాడన్నా తిరిగిచ్చినారా?"

ఆమె అరవై ఏళ్ల అనుభవంలో అలాంటి ఘనకార్యం ఎవరూ చేసినట్టు లేదు. మొదటి వారం నన్ను లోపలి గదిలో చాప మీద పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, దొడ్లోకి నడిపించుకుపోవడం అన్నీ ఆమే. అంతా చేస్తూ ఒక్కమాట మాత్రం వదలకుండా అనేది.

"పొద్దుండగా పండుకునేది ఇద్దరే. బాలింత, సచ్చేకి సిద్ధంగా ఉండేది. నువ్వు యాదో చెప్పు, అడిగినోళ్లకు నేను అదే చెప్తా."

అడిగేవాళ్లకు కొదవ లేదు. మా వీధిలో ఒకరింట్లో పొయ్యి వెలగకపోతే నాలుగిళ్ల వాళ్లకు ఆకలి తెలుస్తుంది. కంపెనీ బస్సుకు నేను కనపడటం లేదని మొదటి రోజే పసిగట్టారు. తీసేశారా అని ఒకరు, గొడవ పడిందా అని ఒకరు, ఇంట్లో కూర్చోబెట్టి కంపెనీ వాళ్లు జీతమిస్తున్నారంటే అదేం కథో అని ఇంకొకరు. ఎద్దు పుండు కాకికి నొప్పా? పక్కింటామె అయితే దయతో, "కూచోని తింటే కొండలైనా కరుగుతాయంటారు వదినా, ఉండేది ఒక నడుమే, అది కరిగిపోదులే," అని నాకు ధైర్యం చెప్పి పోయింది.

ఆ రోజు సాయంత్రం మా అత్త ఒక నిర్ణయానికి వచ్చింది. మరుసటి రోజు పొద్దున్నే వసారాలో గోడకానుకుని ఒక మూట వేరుశెనగ కాయలు కుమ్మరించింది. పక్కింటామె విత్తన కాయలు. వానలింకా రాలేదు గానీ విత్తనం సిద్ధం చేసుకునే కాలం. మిషనుకు వేస్తే గింజ పైపొర లేచిపోతుందని, అది మొలవదని, మా పక్క విత్తనానికి ఇప్పటికీ చేత్తోనే ఒలిపిస్తారు. కూలికి ఒలిచిపెడతామని మా అత్త మాట్లాడుకుని వచ్చింది. కుప్ప పక్కన రెండు దిండ్లు వేసి, నన్ను లేపి తీసుకొచ్చి వాటికి చేరేసి, ఒళ్లో చేట పెట్టింది.

"అత్తా, డాక్టరు కూచోవద్దన్నాడు."

"నిన్ను ఒలవమని ఎవురు చెప్పినారు? చేట పట్టుకోని గమ్మునుండు. నాలుగు కాయలు అటూ ఇటూ అను. ఒలిచేది నేను ఒలుస్తా."

అలా నా ఉద్యోగం మొదలైంది. కంపెనీలో ఒకటే షిఫ్టు, ఇంట్లో రెండు. పొద్దున కరువు పనికి పోయే ఆడవాళ్లు మా వాకిలి ముందు నుంచి గడ్డపారలు భుజాన వేసుకుని పోయే అరగంట ఒక షిఫ్టు. ఎండ ముదిరాక వాళ్లు తిరిగొచ్చే అరగంట రెండోది. మధ్యలో లోపలికి పోయి చాప మీద పడుకుని మూలగడం. చేట నా ఒళ్లో ఉండేది, కాయ ఆమె చేతిలో ఉండేది. గోడ చాటున, తలుపు వెనకాల, వంట పొయ్యి దగ్గర, ఆమె ఎక్కడ కూర్చున్నా టప్‌టప్‌మని చప్పుడు వినిపించేది. కుప్ప తరగకపోతే నేను పని చేస్తున్నానని ఎవరు నమ్ముతారు? అందుకని రోజూ కుప్ప తరిగేది, అయిపోతే పక్కింటి నుంచి ఇంకో మూట వచ్చేది. ఒలిచిన గింజలు నా చేటలోకి వచ్చేవి. మెప్పు నాకొచ్చేది.

నేనెందుకు ఒప్పుకున్నాను అని అడిగితే, నాకూ సిగ్గుగానే ఉండేది మరి. డాక్టరుకు నా నడుం ఎక్కడ జరిగిందో ఫోటోలో కనపడింది. వీధికి ఫోటో చూపించలేం కదా. ఒకామె పోతూ పోతూ, "నడుం నొప్పి పెట్టుకోని కూడా పని వదల్లేదు చూడు, అట్లుండల్ల ఆడదంటే," అన్నప్పుడు, చెప్పుకుంటే సిగ్గుచేటు, నాకు సంతోషం కూడా వేసింది. చేట కాస్త గట్టిగా చెరిగాను. ఆ రాత్రంతా నిద్ర లేదు, నడుం నిప్పుల మీద పెట్టినట్టు కాలింది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, కరువు పనివాళ్లు తిరిగొచ్చే వేళ, ఒకాయన బండి మీద వచ్చాడు. తలకు హెల్మెటు, చంకలో ఫైలు, చొక్కా అంతా చెమట. నా పేరు, ఇంటి నంబరు అడిగి, తాను బీమా ఆఫీసు నుంచి వచ్చానని స్పష్టంగానే చెప్పాడు. జబ్బు సెలవులో ఉన్నవాళ్ల ఇళ్లకు అప్పుడప్పుడు చెప్పకుండా వచ్చి చూస్తారట, నిజంగా మంచంలో ఉన్నారా లేక ఇంకెక్కడైనా సంపాదిస్తున్నారా అని. ఆయన వచ్చేటప్పటికి నేను దిండ్లకు ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని, ఎదురుగా కుప్ప పోసుకుని, నా రెండో షిఫ్టులో ఉన్నాను.

"మీ కోడలికి ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని ఆయన మా అత్తను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా అత్త ముందుకొచ్చింది.

"దానికేమి సామీ, రాయి మాదిరి ఉండాది! ఒక్క నిమిషం ఊరికే ఉండదు. చూడండి, పొద్దున్నుంచీ కూలికి కాయలు ఒలుస్తాంది. ఈ వీధిలో దీని మాదిరి ఒలిచే ఆడది ఇంగొకటి లేదు. రేపు పిలిచినా కంపెనీకి వస్తాది, మీరేం భయపడొద్దండి."

ఆయన పెన్ను తీశాడు.

"లేదు సార్, నేను ఒలవడం లేదు. ఊరికే పెట్టుకోని కూచున్నా," అన్నాను.

"ఊరికేనా?"

"అవును సార్. పని చేస్తాండేట్టు... నటిస్తాండా."

ఆయన నా వంక చాలాసేపు చూశాడు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ జబ్బు నటించేవాళ్లను ఎంతమందిని చూసుంటాడో. చుట్టిన కట్టు విప్పితే దెబ్బ లేనివాళ్లను, మూలుగుతూ మూలుగుతూ ఫోను మోగగానే లేచి పరిగెత్తేవాళ్లను. ఆరోగ్యం నటించేదాన్ని చూడటం ఆయనకు అదే మొదటిసారి అనుకుంటాను. పాపం, దానికి ఆయన ఫైల్లో గడి లేదు. చేటను చూశాడు, గింజలను చూశాడు, చక్కగా కూర్చుని ఉన్న నన్ను చూశాడు, ఏదో రాసుకున్నాడు. మా అత్త ఆయనకు చల్లటి నీళ్లిచ్చి, రెండు గుప్పిళ్ల గింజలు కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెట్టబోయింది. ఆయన నీళ్లు తాగాడు, పొట్లం మాత్రం తీసుకోలేదు.

పది రోజులకు రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది. సెలవులో ఉండి కూలికి పని చేస్తున్నట్టు తెలిసినందున డబ్బులు ఆపేశామని, ఫలానా రోజున స్వయంగా వచ్చి కారణం చెప్పుకోవాలని, చెప్పిన కారణం సరిగా లేకపోతే ఇచ్చిన కాగితాలు చెల్లవని. అంటే నేను పడుకున్న రోజులన్నీ చెప్పకుండా మానేసిన రోజులవుతాయి. కంపెనీ పెద్దమనిషి చెప్పిన పది రోజులు ఎప్పుడో దాటిపోయాయి. పేరు కొట్టేయడానికి ఆయనకు ఒక గీత చాలు.

ఆ రోజు నేను మా అత్తను అన్న మాటలు ఇక్కడ రాయను. ఒక్కటి రాస్తాను, ఎందుకంటే అదే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

"నా నోటికాడి కూడు తీసేసినావు కదత్తా! నేను పనికిరాకుండా పోతే నీకు సంతోషమా?"

ఎప్పుడూ ఒక మాటకు నాలుగు మాటలు తిరగేసే మనిషి, లోపలికి పోయి నా చాప పక్కన నీళ్ల చెంబు పెట్టి, వసారాలోని కుప్పను మూటలోకెత్తి, పక్కింటికి మోసుకుపోయి ఇచ్చేసి వచ్చింది. మూడు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. అన్నం పెట్టేది, లేపేది, నడిపించేది, మూతి మాత్రం తెరిచేది కాదు. మా ఆయన ఫోనులో, "నువ్వు పోయి మంచిగా చెప్పు, వాళ్లూ మనుషులే కదా," అని బెంగుళూరు నుంచి సలహా ఇచ్చాడు. సలహాకు ఖర్చు లేదు కాబట్టి దాన్ని పుచ్చుకున్నాను. నాలుగో రోజు పొద్దున, ఆఫీసుకు పోవలసిన రోజు, చూస్తే మా అత్త తల దువ్వుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"నేనూ వస్తా. అబద్ధం నాది కదా."

బస్సులో ఆమె నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, గుంత వచ్చినప్పుడల్లా నా నడుం కింద తన చేయి పెట్టింది. పక్క సీట్లో ఇద్దరు కన్నడంలో గొర్రెల బేరం మాట్లాడుకుంటున్నారు. నేను ఆమెకు పాఠం చెప్పడం మొదలుపెట్టాను.

"ఆడ ఏం చెప్తావత్తా?"

"నిజం చెప్తా."

"ఏ నిజం?"

"నువ్వు యాది చెప్పమంటే అది."

నా కోడలు లేవలేదు, కూర్చోలేదు, ఏ పనీ చేయలేదు అని చెప్పమని, ఆ మూడు మాటలూ ఆమె చేత నాలుగుసార్లు అనిపించాను. బడి మొహం చూడని మనిషి, చక్కగా అప్పజెప్పింది.

బీమా ఆఫీసు మేడ మీద. నడుం జారినవాళ్లు, కాళ్లు విరిగినవాళ్లు వచ్చే ఆఫీసు మేడ మీద కాక ఇంకెక్కడ పెడతారు? ఆమె భుజం మీద బరువు వేసి ఒక్కో మెట్టూ ఎక్కాను. లోపల పెద్ద బల్ల, దాని వెనక ఆఫీసరు, పక్కన మా ఇంటికి వచ్చినాయన. ఆఫీసరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. నా కాగితాలన్నీ తిరగేసి, మా అత్త వైపు చూసి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా అడిగాడు.

"ఏమ్మా, మీ కోడలు పని చేయగలదా?"

"ఎందుకు చేయదు సామీ!" అంది మా అత్త. "గట్టి మనిషి. మీరు చెప్పండి, ఏ పనైనా..."

అంతవరకు అని ఆగిపోయింది. చేత్తో నోరు మూసుకుంది. నా మొహం చూసి ఆమెకు ఏడుపు వచ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు, మామ పోయినప్పుడు కూడా. నాకైతే అంతా అయిపోయిందనే అనిపించింది. ఆమె మీద కోపం రాలేదు, నవ్వు రాలేదు, గోడకు ఆనుకుని నిలబడి నా పేరు మీద గీత పడే చప్పుడు కోసం చూస్తున్నాను.

"అట్ల కాదు సామీ," అని మళ్లీ మొదలుపెట్టింది ఆమె. "దానికి చేతకాదు. లేయలేదు, కూచోలేదు. లేపేది, నీళ్లు పోసేది నేనే. ఆ దినం చెప్పింది అబద్ధం."

"అబద్ధమెందుకు చెప్పారు?"

"దుడ్లిచ్చేవాళ్లకు ఒళ్లు బాగలేదని చెప్తారా సామీ ఎవురన్నా?" ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కానట్టుంది. "మేస్త్రీకి ఒళ్లు బాగలేదంటే రేపట్నుంచి పిలవడు. దీని మొగుడు పుట్టిన పదకొండో దినం నేను కట్టపనికి పోయినా. ఏమ్మే, చేయగలవా అన్నాడు మేస్త్రీ. బాగుండా అన్నా. రెండు గంపలు మోసేటప్పటికి చీరంతా తడిసిపోయింది, అయినా బాగుండా అనే అన్నా. ఈ సారొచ్చి మా వాకిట్లో నిలబడి మీ కోడలెట్లుందని అడిగితే, అది చేతకానిదని నా నోటితో చెప్పి దాని పని పోగొట్టేదా? నా నోరు అట్ల తిరగదు సామీ."

పన్నెండేళ్లు కంపెనీలో నేను చేసిందీ అదే కదా అని అప్పుడు తట్టింది నాకు. జ్వరంలో కాలర్లు కుట్టి, సూపర్‌వైజరు అడిగితే బాగుండా అని చెప్పలేదా? ఆమెను పాతకాలపు మొద్దు మనిషి అనుకుని నాలుగు వారాలు మనసులో తిట్టుకున్నాను. నా ఉద్యోగాన్ని ఆమె తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో కాపాడబోయింది. నాకు సిగ్గేసింది.

ఆఫీసరు పెన్ను మూసి తెరిచి, మూసి తెరిచి, "ఆ రోజు ఒకటి చెప్పారు, ఇవాళ ఇంకొకటి చెబుతున్నారు. నేను దేన్ని నమ్మాలమ్మా? కాయలు ఒలిచింది మాత్రం నిజమే కదా? కళ్లారా చూసి రాశారు," అన్నాడు.

"ఒలిచింది నేను సామీ."

"దానికి రుజువేముంది?"

ఆమె బల్ల దగ్గరికి పోయి రెండు చేతులూ ఆయన ఫైలు మీద పెట్టి, బొటనవేళ్లు పైకెత్తింది. నేను అప్పుడే చూశాను వాటిని. రోజూ నన్ను లేపిన చేతులే, అన్నం పెట్టిన చేతులే, కానీ చూడలేదు. గోళ్లు సగం లేచిపోయి ఉన్నాయి. వేళ్ల కొనలు అడ్డంగా చీలి, ఆ చీలికల్లో కాయల మట్టి నల్లగా దిగిపోయి ఉంది. కుడి వేలు వాచి, చీము పట్టి ఉంది.

"దాని చేతులూ చూడండి," అంది.

నేను నా చేతులు చాపాను. నా వేళ్లకు ఏమీ లేదు. నాలుగైదు వారాలు పని లేక నున్నగా, తెల్లగా ఉన్నాయి.

ఆఫీసరు కుర్చీలో ముందుకు వంగాడు. "మాది గార్లదిన్నె దగ్గరమ్మా," అన్నాడు, అప్పటిదాకా లేని గొంతుతో. "మా అమ్మ కూడా ఒలిచేది. విత్తనాల కాలమంతా వేలికి గుడ్డ చుట్టుకోనే ఉండేది." పక్కనున్నాయన వైపు తిరిగి, "ఒలిచింది ఈ అమ్మాయి కాదు, రాసుకో," అన్నాడు. మా ఇంటికొచ్చినాయన గీత కొట్టి రాశాడు. మళ్లీ డాక్టరు దగ్గర ఒకసారి చూపించుకుని రమ్మని, అతని కాగితం చేరగానే ఆపిన డబ్బులు వేస్తామని, కంపెనీకి ఉత్తరం తామే రాస్తామని చెప్పాడు. నాకు కూర్చోవాలనిపించింది గానీ కూర్చోకూడదు కాబట్టి బల్ల పట్టుకుని నిలబడ్డాను.

బయటికి వస్తుంటే ఆయన మా అత్తను ఆపాడు.

"ఆ వేలు చీము పట్టిందమ్మా. ఊరికే వదిలితే చెయ్యంతా పాకుతుంది. కింద మందులిస్తారు, కట్టించుకో. పది రోజులు నీళ్లలో పెట్టొద్దు, ఏ పనీ చేయొద్దు."

"పది దినాలా సామీ?" మా అత్త ఆగింది. నా చేతిలోని కాగితాల వంక చూసింది. "అయితే నాకూ రాసిస్తారా, దానికిచ్చినట్ల కాయితం?"

ఎగతాళి చేస్తోందేమోనని ఆయన తలెత్తి చూశాడు. ఎగతాళి కాదు. ఇన్నాళ్లకు ఆమె ఈ బీమా సంగతి నమ్మింది, నమ్మింది కాబట్టి అడుగుతోంది.

"అది పని చేసేవాళ్లకేనమ్మా," అన్నాడు ఆయన, నొచ్చుకుంటూనే. "మీరు ఎక్కడా పని చేయరు కదా."

"అవునులే సామీ," అంది మా అత్త, "నేనేం పని చేస్తా." కాగితాలు నా చేతిలోంచి తీసి తన సంచిలో పెట్టుకుంది. మెట్ల దగ్గర చీర కొంగు దోపుకుని నాకంటే ఒక మెట్టు కిందకు దిగి, నేను పడకుండా, వెనక్కి తిరిగి తన భుజం ఇచ్చింది.